అటక మీది వెండి సామాను: ఏది వెండి, ఏది పూత, ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

మా అవ్వ పోయిన ఏడాదికి చిత్తూరులో ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీద నుంచి ఒక రేకు పెట్టె దించాం. పాత పంచె ముక్కల్లో చుట్టిన సామాను ముప్పైకి పైగా ఉన్నాయి అందులో. చెంబులు, కాఫీ గ్లాసులు, కుంకుమ భరిణెలు, ఒక ఉగ్గు గిన్నె, చందనం గిన్నె, పన్నీరు బుడ్డి. వాటితో పాటు మా ఇంట్లో ఎవరూ ఏనాడూ వాడని దొరల సామాను: టీ కెటిల్, పాల జగ్గు, పంచదార పటకారు, చేపలు కోసుకునే కత్తులు, వరసగా కమ్మీలు నిలబెట్టిన చిన్న స్టాండు ఒకటి. ఆ స్టాండులో తాత ఉత్తరాలు, కరెంటు బిల్లులు గుచ్చి పెట్టేవారు. అది రొట్టె ముక్కలు నిలబెట్టుకునే టోస్ట్ రాక్ అని మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

అన్నీ ఒకే నలుపులో ఉన్నాయి. అన్నీ వెండే అనుకున్నాం. నిజానికి అందులో సగం వెండి కాదు. అంతకు కొన్నేళ్ళ ముందే నాయన ఆ పన్నీరు బుడ్డికి జతగా ఉన్న రెండోదాన్ని ఒక దుకాణంలో పాత వెండి కింద వేశారు. తూకం వేసి, తరుగు తీసి, బరువుకు డబ్బులిచ్చారు. ఒంటి మీద తీగలు, చిలకలు చేత్తో చెక్కిన ఆ పనికి లెక్కే లేదు. సాయంత్రానికి అది కరిగిపోయి ఉంటుంది. ఆ బాధ వల్లే మిగిలిన సామానంతా ఒక్కొక్కటిగా తిరగేసి, తూచి, నీళ్ళలో వేలాడదీసి, తెలిసిన ఆచారి గారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే, దాన్ని దుకాణానికి తీసుకెళ్ళే ముందు ఈ పనులు చేయండి. ఒక ఆదివారం చాలు.

మన వైపు దొరల సామాను ఎందుకుంది అని కొందరు అడుగుతుంటారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఇది ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. కలెక్టర్లు, జడ్జీలు, వాళ్ళ దగ్గర పనిచేసిన వాళ్ళు, కోర్టు చుట్టూ వకీళ్ళు. మద్రాసు ఎంతో దూరం లేదు. పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందారీలు చుట్టుపక్కలే. దొరలు బదిలీ మీద వెళ్తూ సామాను వేలం వేసేవాళ్ళు. మా తాత ఒక వకీలు గారి దగ్గర గుమాస్తా. ఆ ఇంటి సామాను అమ్మినప్పుడు టీ సెట్టు మా ఇంటికి చేరింది.

మొదటి పని: తోమకండి

పెట్టె దించగానే అందరికీ చేయి ఆగదు. విభూది, టూత్‌పేస్టు, సబీనా పౌడరు, ఏది దొరికితే అది పెట్టి తోమేస్తారు. ఆగండి. ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడిన పొర అది. ఏ వస్తువు ఎక్కడ, ఏ రంగులో నల్లబడింది, ఎక్కడ పచ్చటి చిలుము కక్కింది, ఎక్కడ పసుపుగా కనబడుతోంది అన్నది మనకు కావలసిన సాక్ష్యం. తోమితే అది పోతుంది. పైగా పూత సామాను మీద వెండి పొర వెంట్రుక మందం కూడా ఉండదు. గట్టిగా తోమిన ప్రతిసారీ అది కొంచెం తగ్గుతుంది.

దుమ్ము పోయేలా మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, కిటికీ పక్కన పగటి వెలుగులో ఒక దుప్పటి మీద పరచండి. ట్యూబ్‌లైట్ కింద వెండికీ జర్మన్ సిల్వర్‌కీ తేడా కనబడదు. ఒక భూతద్దం, లేకపోతే సెల్‌ఫోన్ కెమెరా జూమ్, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి.

రెండో పని: మూడు కుప్పలు

ఇంకా ఏ పరీక్షా చేయకుండానే చూపు మీద మూడు కుప్పలు వేయండి. తప్పులుంటే తర్వాత సర్దుకుంటాయి.

ఒకటి, మన కంసాలులు చేసిన నాటు వెండి. చెంబు, గ్లాసు, డవరా, కంచం, పంచపాత్ర, ఉద్ధరిణి, తాంబూలపు పళ్ళెం, సున్నపు డబ్బా. ఇవి ఎక్కువగా అసలు వెండివే. కానీ వీటి మీద ప్రభుత్వ ముద్రలేవీ ఉండవు. ముద్ర లేదు కాబట్టి వెండి కాదు అనే మాట వీటికి వర్తించదు.

రెండు, దొరల పద్ధతి సామాను. కెటిళ్ళు, ట్రేలు, చెంచాలు, ఫోర్కులు, ఉప్పు మిరియాల సీసాల స్టాండు. ఇందులో అసలు వెండి తక్కువ, పూత ఎక్కువ. మన వైపు దొరికేవాటిలో మరీ ఎక్కువ.

మూడు, గత ముప్పై నలభై ఏళ్ళలో వచ్చినవి. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చిన భరిణెలు, పళ్ళేలు, దీపం కుందులు. ఇవి చాలావరకు జర్మన్ సిల్వర్, లేకపోతే ఇత్తడి మీద పూత. జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. పేరులో సిల్వర్ ఉంది కానీ లోహంలో వెండి ఒక్క గ్రాము కూడా ఉండదు. ఇది మన ఆడవాళ్ళలో చాలామందికి తెలుసు. అయినా పదేళ్ళు పెట్టెలో ఉన్నాక ఏది ఎక్కడ నుంచి వచ్చిందో మర్చిపోతాం, అన్నీ కలిసిపోతాయి.

మూడో పని: అడుగు తిరగేసి ముద్ర చదవడం

ఇంగ్లండులో చేసిన అసలు వెండికి ముద్రలు వరసగా నాలుగైదు ఉంటాయి. వీటిని ఒక్కసారి నేర్చుకుంటే జీవితాంతం ఉపయోగపడతాయి.

ముఖ్యమైనది నడుస్తున్న సింహం. ఎడమ వైపుకు నడుస్తూ ముందు కాలు ఒకటి ఎత్తి ఉంటుంది. ఇది ఉంటే స్టెర్లింగ్, అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. ఈ సింహం 1544 నుంచి వాడుకలో ఉంది. దాని పక్కన ఊరి గుర్తు: చిరుతపులి తల అయితే లండన్, లంగరు అయితే బర్మింగ్‌హామ్, కిరీటం అయితే షెఫీల్డ్. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ ఊళ్ళకు వెండి పరీక్షించే కార్యాలయాలు 1773లో వచ్చాయి. 1975 నుంచి షెఫీల్డ్ కిరీటం వదిలి గులాబీ పువ్వు పెట్టుకుంది. ఆ తర్వాత ఒక అక్షరం, అది సంవత్సరానికి గుర్తు. ఏటా అక్షరం మారుతుంది, ఒక వరస అయిపోయాక అక్షరం తీరూ, దాని చుట్టూ ఉన్న గడి ఆకారమూ మారుతాయి. ఒక్కో ఊరిది ఒక్కో లెక్క. అందుకే ముందు ఊరు తేల్చుకుని, ఆ ఊరి పట్టికలోనే వెతకాలి. ఇక్కడే చాలామంది తికమక పడి లండన్ పట్టికలో బర్మింగ్‌హామ్ అక్షరాన్ని వెతుకుతారు. చివరగా చేసినవాళ్ళ పొడి అక్షరాలు. వీటితో పాటు రాజు లేదా రాణి తల కూడా ఉంటే అది పన్ను కట్టిన గుర్తు. 1784 నుంచి 1890 వరకే వేశారు. కాబట్టి పన్ను గుర్తుగా తల ఉంటే ఆ వస్తువు 1890 తర్వాతది కాదు.

సింహం బదులు కూర్చున్న స్త్రీ బొమ్మ, బ్రిటానియా, ఉంటే 958 పాళ్ళ వెండి. 1697 నుంచి 1720 దాకా అక్కడ అది తప్పనిసరి, తర్వాత ఇష్టమైనవాళ్ళు చేశారు. మన ఊళ్ళో నేనైతే ఇంతవరకు ఒక్కటీ చూడలేదు.

ఇప్పుడు మోసపోయే చోటు. మా టీ కెటిల్ అడుగున నాలుగు చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అచ్చం పైన చెప్పిన ముద్రల వరసే. భూతద్దం పెడితే వంకర టింకర పాత లిపిలో ఇంగ్లీషు అక్షరాలు ఇ, పి, ఎన్, ఎస్. అంటే నికెల్ సిల్వర్ (జర్మన్ సిల్వర్‌కే ఇంకో పేరు) మీద కరెంటుతో వేసిన వెండి పూత. ఎన్, ఎస్ బదులు బి, ఎమ్ ఉంటే లోపల బ్రిటానియా మెటల్. దీన్ని బ్రిటానియా వెండితో కలపకండి, ఇది తగరం, ఆంటిమొని, కొంచెం రాగి కలిసిన మెత్తటి లోహం. ‘ఎ1’ అని ఉంటే పూత మందంగా వేశామని చేసినవాళ్ళు చెప్పుకున్న మాట. వెండి నాణ్యతకూ దానికీ సంబంధం లేదు. పూత సామాను మీద కిరీటం వేసిన కంపెనీలు కూడా ఉన్నాయి కాబట్టి కిరీటం ఒక్కటే చూసి షెఫీల్డ్ వెండి అనుకోకూడదు. సింహం ఉందా లేదా అన్నదే చూడాలి.

ఎల్కింగ్టన్, మాపిన్ అండ్ వెబ్, వాకర్ అండ్ హాల్, జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, ఇలాంటి పేర్లు కనబడితే మంచి ఇళ్ళలో చేసిన సామాను అని అర్థం. కానీ ఈ కంపెనీలన్నీ అసలు వెండీ చేశాయి, పూతా చేశాయి. పేరు చూసి తేల్చేయకండి.

జర్మనీ చెంచాల మీద 90 అనే అంకె ఉంటుంది. తొంభై శాతం వెండి అనుకుని సంతోషపడిన వాళ్ళు నాకు తెలుసు. అది ఒక డజను చెంచాలు, ఒక డజను ఫోర్కులకు కలిపి పూత వేయడానికి వాడిన వెండి గ్రాముల లెక్క. అదే 800 అని, పక్కన నెలవంక, కిరీటం ఉంటే మాత్రం అసలు వెండి, వెయ్యికి 800 పాళ్ళది.

ఇక మన దేశంలో దొరల కాలంలో చేసినవి. ఇక్కడ అప్పట్లో వెండిని పరీక్షించి ముద్ర వేసే ప్రభుత్వ కార్యాలయం లేదు. చేసిన కంపెనీ తన పేరు తానే వేసుకునేది. మన వైపు ముఖ్యంగా చూడవలసిన పేరు మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్. గడియారాలతో పాటు వీళ్ళు అమ్మిన వెండి సామాను, ముఖ్యంగా దేవతా మూర్తులు ఉబ్బెత్తుగా తేలిన ‘స్వామి’ పని, ఇంగ్లండు దాకా పేరు తెచ్చుకుంది. కెటిల్ చుట్టూ గూళ్ళు, ఒక్కో గూటిలో ఒక్కో దేవుడు. మీ దగ్గర అలాంటిది ఉంటే బొమ్మ వెనక వైపు, అంటే లోపలి గోడ, వేలితో తడమండి. చేత్తో చేసిన పనిలో రేకును లోపలి నుంచి కొట్టి ఉబ్బిస్తారు. తర్వాత లోపల లక్క నింపి, బయటి నుంచి సన్నటి ఉలులతో ముక్కు, కళ్ళు, నగలు తీరుస్తారు. కాబట్టి బయట ఎంత ఎత్తుందో లోపల అంత గుంట ఉంటుంది, ఇద్దరు వినాయకులు ఉంటే ఇద్దరి తొండం ఒకేలా ఉండదు. అచ్చు మీద నొక్కి చేసిన వాటిలో బొమ్మలన్నీ ఒకే పోలిక, అంచులు మొద్దుబారి ఉంటాయి.

మన కంసాలుల సామాను మీద ముద్రకు బదులు మనుషుల పేర్లుంటాయి. సన్నటి ఉలితో చుక్క చుక్కగా కొట్టిన తెలుగు అక్షరాలు. మా పెద్ద చెంబు అంచు కింద మా ముత్తవ్వ పేరు, ఊరి పేరు ఉన్నాయి, అడుగున 40 అని ఉంది. ఆ నలభై ఏమిటో నాలుగో పనిలో చెబుతాను. ఇప్పుడు కొనే వెండి మీద బిఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, 925, 990 లాంటి అంకె చూడండి. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, దుకాణదారు ఇష్టం. 2025 సెప్టెంబర్ 1 నుంచి హాల్‌మార్క్ వేసిన వెండికి కూడా ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు కోడ్, హెచ్‌యూఐడీ వస్తోంది. దాన్ని బిఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

అరిగిన చోట చూడండి

ముద్ర అర్థం కాకపోయినా ఫరవాలేదు. అరిగిన చోటు దాని కథ చెబుతుంది. చెంచా అయితే బల్లకు ఆనే వీపు భాగం, కాడ చివర. కెటిల్ అయితే చేయి పట్టే చోటు, మూత అంచు, అడుగు పాదాలు. గ్లాసు అయితే పెదవి ఆనే అంచు. అక్కడ లోపలి రంగు బయట పడిందా?

కొంచెం పసుపు కలిసిన బూడిద రంగు కనబడితే లోపల జర్మన్ సిల్వర్. ఎర్రగా ఉంటే రాగి. పసుపుగా ఉంటే ఇత్తడి. మట్టి రంగు బూడిదగా, గోటితో నొక్కితే మెత్తగా అనిపించేలా ఉంటే బ్రిటానియా మెటల్. ఎంత అరిగినా లోపలా బయటా ఒకటే తెలుపు ఉంటే వెండి.

ఎర్రగా రాగి కనబడిన దాన్ని మాత్రం పనికిరానిది అని పక్కన పడేయకండి. అది పాత షెఫీల్డ్ ప్లేట్ కావచ్చు. 1743 ప్రాంతంలో షెఫీల్డులో థామస్ బౌల్సోవర్ అనే కత్తుల పనివాడు కనిపెట్టిన పద్ధతి అది. రాగి దిమ్మె మీద వెండి రేకు పెట్టి, వేడిచేసి రెండూ అతుక్కున్నాక ఒకే రేకుగా సాగదీసేవాళ్ళు. ఆ రేకుతోనే వస్తువు తయారుచేసేవాళ్ళు. అంటే పూత ముందు, వస్తువు తర్వాత. 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్ళు కరెంటు పూతకు పేటెంటు తీసుకున్నాక ఇది వెనకబడిపోయింది. ఆ పద్ధతిలో వస్తువు ముందు, పూత తర్వాత. ఈ వరస గుర్తుపెట్టుకుంటే తేడా పట్టడం సులువు. పాత షెఫీల్డ్ ప్లేటులో రేకు కోసిన అంచున రాగి గీత కనబడకుండా వెండి తీగ చుట్టి మడిచి ఉంటుంది. గోరు పెట్టి గీస్తే ఆ మడత తగులుతుంది. ఒంటి మీద ఎక్కడో అతుకు గీత ఉంటుంది. కరెంటు పూతలో వెండి అతుకుల్ని కూడా కప్పేస్తుంది, ఎక్కడా గీత కనబడదు. రంగు కూడా తేడా: కరెంటు పూతలో పడేది దాదాపు స్వచ్ఛమైన వెండి కాబట్టి మరీ తెల్లగా ఉంటుంది. షెఫీల్డ్ ప్లేటు ఒక పిసరు వెచ్చటి తెలుపు.

అరిగిన షెఫీల్డ్ ప్లేటుకు మళ్ళీ పూత వేయించకండి. దాని విలువ ఆ పాత పొరలోనే ఉంది. ఇ.పి.ఎన్.ఎస్. కెటిల్‌కు వాడుకోవడానికి వేయించుకుంటే మాత్రం తప్పులేదు.

నాలుగో పని: తూకం, నీళ్ళు

ఇది నాకు బాగా నచ్చిన పరీక్ష. గీతలు పడవు, యాసిడ్ అక్కర్లేదు, లెక్క మనమే చేసుకుంటాం. వెండి బరువైన లోహం. ఒక ఘన సెంటీమీటరు స్వచ్ఛమైన వెండి సుమారు 10.5 గ్రాములు తూగుతుంది. స్టెర్లింగ్ 10.36. రాగి 8.96. జర్మన్ సిల్వర్ 8.7కు అటూ ఇటూ. ఇత్తడి 8.5 దగ్గర. బ్రిటానియా మెటల్ 7.3 దగ్గర.

కావలసినవి: వంటింట్లో వాడే డిజిటల్ తూకం, వీలైతే గ్రాములో పదో వంతు చూపించేది. ఒక పెద్ద గిన్నె, నీళ్ళు, గట్టి దారం.

వస్తువును పొడిగా తూచి రాసుకోండి. గిన్నెలో నీళ్ళు పోసి తూకం మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. వస్తువుకు దారం కట్టి, పూర్తిగా నీళ్ళలో మునిగేలా, కానీ గిన్నె అడుగుకూ పక్కలకూ తగలకుండా చేత్తో వేలాడదీయండి. చెంబు లాంటిదైతే ముందు పక్కకు వంచి లోపలి గాలి మొత్తం పోనివ్వండి, బుడగలు అంటుకుంటే కదిలించి వదిలించండి. ఇప్పుడు తూకం మీద కనబడే గ్రాములే ఆ లోహం ఎన్ని ఘన సెంటీమీటర్లో చెప్పే అంకె. మొదటి బరువును దీనితో భాగించండి.

మా పెద్ద చెంబు 463 గ్రాములు తూగింది. నీళ్ళలో తూకం 44.9 చూపించింది. భాగిస్తే 10.31. ఇప్పుడు అడుగున ఉన్న 40 సంగతి. వెనకట వెండి సామాను రూపాయల ఎత్తుతో తూచేవాళ్ళు. వెండి రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. నలభై రూపాయల ఎత్తు అంటే 466 గ్రాములు. అన్నేళ్ళు చింతచెట్టు కింద బావి దగ్గర తోమీ తోమీ మూడు గ్రాములు అరిగింది. అంతే. ఆ రోజుల్లో రూపాయలనే కరిగించి సామాను చేయించుకోవడం మామూలే. రూపాయిలో వెండి 91.7 శాతం, దాని లెక్క 10.34 వస్తుంది. అతుకు పెట్టిన టంకం కూడా ఉంది కాబట్టి 10.31 రావడం న్యాయమే. ఆ లెక్క వచ్చిన పూట ఆ చెంబును చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. ఆ రూపాయలు కరిగించి చేసినదైతే 9.5 దగ్గర వస్తుంది.

చెంచా ఒక్కటే తూస్తే బరువు తక్కువ కాబట్టి లెక్క తప్పుతుంది. ఆరు చెంచాలు కలిపి కట్టి తూచండి. మావి ఆరూ కలిసి 132 గ్రాములు, నీళ్ళలో 15.2. భాగిస్తే 8.68. జర్మన్ సిల్వర్. ముద్ర చూడకుండానే తేలిపోయింది.

ఈ పరీక్ష పనిచేయని చోట్లూ ఉన్నాయి. కత్తుల పిడులు, కొవ్వొత్తి స్టాండ్లు లోపల బోలుగా ఉండి, బరువు కోసం గుగ్గిలం లాంటిది నింపి ఉంటాయి. చెక్క పీట మీద వెండి రేకు తొడుగు వేసినవి, రెండు పొరల గోడలున్నవి కూడా అంతే. వీటికి లెక్క తప్పు వస్తుంది.

అయస్కాంతం పరీక్షను ఎక్కువ నమ్మకండి. అంటుకుంటే లోపల ఇనుము అని తెలుస్తుంది. అంటుకోకపోతే ఏమీ తెలియదు, ఎందుకంటే రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అంటుకోవు. కాఫీ పరీక్ష కొంచెం నయం. పొగలు కక్కే కాఫీ పోస్తే వెండి గ్లాసు అంచు క్షణాల్లో చుర్రుమంటుంది, జర్మన్ సిల్వర్ నెమ్మదిగా వేడెక్కుతుంది. రాగి మాత్రం వెండికి దగ్గరగా వేడిని లాగుతుంది కాబట్టి రాగి మీద పూతను ఇది పట్టలేదు.

దుకాణంలో పరీక్ష చేయించేటప్పుడు

తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు బజారు వీధిలోనో టంచ్, అంటే వెండి శాతం, చూసే మిషన్ ఉన్న చోటికి వెళ్తే రెండు నిమిషాల్లో శాతం చెబుతారు. ఆ మిషన్ ఎక్స్‌రే పంపి పై పొరనే చదువుతుంది. మందంగా పూత ఉన్న వస్తువును పెడితే ‘99’ అని చూపించగలదు. కాబట్టి అరిగిన చోట, అంచున, అడుగున, మూడు చోట్ల పెట్టి చూడమని అడగండి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే సరే. అతుకు మీద పెట్టనివ్వకండి, టంకంలో వేరే లోహాలుంటాయి, శాతం తక్కువ చూపిస్తుంది.

యాసిడ్ చుక్క పరీక్ష కూడా చేస్తారు. అది తెలిసిన ఆచారి చేతిలో మంచిదే, ఇంట్లో వద్దు. పనితనం ఉన్న వస్తువు మీద అసలే వద్దు, మచ్చ పోదు.

అమ్మకం మాట వస్తే టంచ్ ఎంత, తరుగు ఎంత తీస్తున్నారు, ఆ రోజు ధర ఎంత, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. మీ ఎదుటే కరిగించమనండి. కానీ అంతకన్నా ముందు, నగిషీ ఉన్నది, పేరు కొట్టినది, పి. ఓర్ ముద్ర ఉన్నది కరిగించే కుప్పలో ఉందేమో ఇంకొక్కసారి చూడండి.

వాడుక, శుభ్రం, దాచడం

అసలు వెండి వాడితేనే బాగుంటుంది. రోజూ కాఫీ తాగే గ్లాసు పెట్టెలో ఉన్న గ్లాసంత నల్లబడదు. ఉప్పు మాత్రం వెండికి పడదు, తడి ఉప్పు ఒక రాత్రి ఉంటే గుంటలు పడతాయి. దొరల ఉప్పు గిన్నెలకు లోపల నీలం గాజు గిన్నె గానీ బంగారు పూత గానీ ఎందుకు ఉంటుందో దీనితో అర్థమవుతుంది. కోడిగుడ్డు, ఉల్లిపాయ తగిలితే వెంటనే కడిగేయండి, అందులో గంధకం ఉంది.

అరిగిపోయిన పూత సామానులో పెరుగు, చారు, నిమ్మరసం, పులుసు పెట్టకండి. లోపలి రాగి, నికెల్ ఆ పులుపులో దిగుతాయి. పసిబిడ్డకు ఉగ్గు పెట్టే గిన్నె, పాలు పట్టే చెంచా విషయంలో మరీ జాగ్రత్త. అవి అసలు వెండి అని నీళ్ళ లెక్కతోనో మిషన్‌తోనో తేలితేనే వాడండి. జర్మన్ సిల్వర్ ఉగ్గు గిన్నెలు బహుమతులుగా వస్తున్నాయి, వాటిని దేవుడి దగ్గర కుంకుమకు పెట్టుకోండి.

శుభ్రానికి గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. నలుపు పోవాలంటే, నగిషీ లేని అసలు వెండికి మాత్రమే, ఒక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్ళు పోసి, లీటరుకు రెండు చెంచాల వంట సోడా వేసి, వస్తువు ఫాయిల్‌కు తగిలేలా ఐదు నిమిషాలు ఉంచండి. నలుపులోని గంధకాన్ని అల్యూమినియం లాక్కుంటుంది, వెండి అరగదు. స్వామి బొమ్మలున్న వాటిని, ఎముక లేదా ముత్యపు చిప్ప పిడులున్న కత్తుల్ని, అరిగిన పూతను ఇందులో ముంచకూడదు. బొమ్మల మడతల్లోని నలుపు వల్లే ఆ ముఖాలు తేలి కనబడతాయి. చింతపండు రాగికీ ఇత్తడికీ మంచిది, వెండి నలుపును అది కదపలేదు.

దాచేటప్పుడు మా అవ్వ పద్ధతే సరైనది. ఉతికిన పాత నూలు పంచె. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు, న్యూస్‌పేపరు వద్దు. పెట్టె మూలల్లో రెండు సుద్దముక్కలు పెడితే చెమ్మ లాగుతాయి.

అమెరికాలో ఉన్న పిల్లలు అవ్వ గుర్తుగా ఏదైనా పట్టుకెళ్తామంటారు. ఒక్క మాట తెలుసుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాత్మక వస్తువును సొంతంగా విదేశానికి తీసుకెళ్ళడం నిషేధం. అంత పాతది కాదనుకుంటే భారత పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదనే పత్రం తీసుకుని వెళ్ళడం మంచిది. ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడే కన్నా ఆ పని ముందే చూసుకోవాలి.

చివరి పని: పుస్తకంలో రాయడం

ఒక్కో వస్తువుకు ఒక్కో పేజీ. పైనుంచి ఒక ఫొటో, అడుగు ముద్రది ఒక ఫొటో. బరువు, నీళ్ళ లెక్క, ఎక్కడ అరిగింది, ఎవరి నుంచి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ పక్కన కూర్చుని రాయండి. మేం ఆలస్యం చేయడంతో టోస్ట్ రాక్ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగడానికి ఎవరూ మిగల్లేదు. మా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది:

‘పెద్ద చెంబు. నాటు వెండి. 463 గ్రాములు, లెక్క 10.31. అడుగున 40, అంచు కింద చుక్కల అక్షరాల్లో ముత్తవ్వ పేరు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టింది. అడుగు ఒక పక్క సొట్ట, బావి గట్టు మీద నుంచి పడింది, సరి చేయించవద్దు. కరిగించవద్దు.’